పక్కది అంటే ఏది?

పుదుచ్చేరి వెళ్లొచ్చానని తెలిసిన దగ్గర్నుంచి కనపడ్డవాళ్లందరూ ఒకటే అడుగుతున్నారు. సముద్రం బాగుందా, పసుపు గోడల వీధుల్లో తిరిగారా, ఫోటోలేవి? ఫోటోలు లేవు. సముద్రం దాని మానాన అది ఉంది. నేను వెళ్లింది పూల్ పోటీలకు రిఫరీగా. తిరిగొచ్చింది ఒళ్లంతా మంటతో. ఆ మంట కొంత ఆ ఊరి క్లబ్బు మీద, కొంత మా సత్తిబాబు మీద, ఎక్కువ భాగం నా మీద. రాస్తే తగ్గుతుందేమోనని రాస్తున్నాను. తగ్గకపోతే మీరూ కాస్త పంచుకోండి.

మాది యానాం. అక్కడ ఒక బడిలో డ్రిల్లు మాస్టారిని. పిల్లలు వెనకాల నన్ను మిరపకాయ మాస్టారు అంటారని నాకు తెలుసు. కాకినాడ మా పక్కనే ఉన్నా, మా రేషన్ కార్డు మీద మాత్రం పుదుచ్చేరి అని ఉంటుంది. ఎనిమిది వందల కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉన్న ఊరు మాకు రాజధాని. ఫైలు కదలాలన్నా అక్కడికే, బదిలీ ఆగాలన్నా అక్కడికే. యాభై రెండేళ్లొచ్చినా నేను ఆ ఊరు చూడలేదు. పుదుచ్చేరి, కారైకాల్, మాహే, యానాం నాలుగింటికీ కలిపి పూల్ పోటీ పెట్టి, ప్రతి ప్రాంతం నుంచీ ఒక రిఫరీని పంపమంటే, రూల్ పుస్తకం బట్టీ పట్టినవాణ్ని నేనొక్కణ్నే కాబట్టి నన్ను పంపారు.

ఆట తెలియనివాళ్లకు రెండు ముక్కలు. గుడ్డ పరిచిన బల్లకు ఆరు గుంతలుంటాయి, వాటిని పాకెట్లంటారు. నాలుగు మూలలా నాలుగు, పొడుగు అంచుల మధ్యలో చెరొకటి. కర్రతో తెల్లబంతిని కొట్టి, దాంతో మన వంతు రంగు బంతుల్ని పాకెట్లలో వేయాలి. ఆఖరున నల్లబంతి. అది ఏ పాకెట్‌లో వేస్తామో ముందే నోటితో చెప్పాలి. చెప్పింది ఒకటి, పడింది మరొకటి అయితే అప్పటిదాకా ఆడిందంతా గంగపాలు. మా యానాంలో మూలనున్నవాటిని మూలవి అంటాం, మధ్యనున్నవాటిని పక్కవి అంటాం. ఇంగ్లీషు రూల్ పుస్తకంలోనూ వాటి పేరు సైడ్ పాకెట్టే.

బస్టాండు దగ్గర

నాతో వచ్చిన ఆటగాడు సత్తిబాబు. ముప్పై ఏళ్లుంటాయి, సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టు నడుపుతాడు. బడిలో నా దగ్గర కబడ్డీ నేర్చుకున్నాడు గానీ, పూల్ మాత్రం అతనే నాకు నేర్పాడు. దిగీ దిగగానే ఆటో దగ్గర తగువు. మీటరు వెయ్యమంటే ఆటోవాడు నవ్వాడు. రెండు కిలోమీటర్లకు రెండు వందలన్నాడు. అరిచాను. నూట ఎనభై అన్నాడు. ఇంకా అరిచాను. మళ్లీ రెండు వందలన్నాడు. ఆ తగువులో నేను నేర్చుకున్న తమిళం ఒక్క ముక్క, తిరుడన్. దొంగ అని అర్థమట. అతను నన్నన్నాడో, నేను అతన్నన్నానో ఇప్పుడు గుర్తులేదు.

టిఫిన్ దగ్గర ఇంకో గొడవ. ఇడ్లీకి మనం అల్లం పచ్చడి అడుగుతాం, కారప్పొడి అడుగుతాం. అక్కడ బకెట్టుతో సాంబారు తెచ్చి ఇడ్లీలు మునిగేదాకా పోశారు. వద్దంటున్నా పోశారు. తిన్నాక తెలిసింది, చాలా బాగుంది. అది ఇంకా కోపం తెప్పించింది, అరవడానికి కారణం లేకుండా పోయినందుకు.

హోటలు ఎదురుగా మా పోటీల బ్యానరు కట్టి ఉంది. తమిళంలో ఉంది, ఇంగ్లీషులో ఉంది, ముచ్చటకు ఫ్రెంచిలోనూ ఉంది. తెలుగులో లేదు.

“చూశావా సత్తిబాబూ, మన రాజధానిలో మన అక్షరం ఒక్కటి లేదు” అన్నాను.

“మనం వచ్చాం కదండీ మాస్టారూ, అదే పెద్ద అక్షరం. కాఫీ తాగండి, చల్లారిపోతంది” అన్నాడు.

తేంగాయితిట్టు

మొదటి రోజు ఆటలన్నీ తేంగాయితిట్టులో. చేపల రేవు అది. పొద్దున్నే పడవలు రావడం, వేలం కేకలు, ఆటోల్లోకి బుట్టలెక్కించడం. కిలో వంజరం తొమ్మిది వందలంటే ముందు మండిపడ్డాను. మా గోదావరి పులస ధర గుర్తొచ్చి నోరు మూసుకున్నాను.

రేవు వెనక ఒక ఐసు కొట్టు ఉంది. దాని మేడ మీద పూల్ పార్లరు. లుంగీలు కట్టుకున్న పడవలవాళ్లు వేలం అవగానే మెట్లెక్కి వచ్చేస్తారు. గుమ్మంలో ఒక పెద్ద సత్తుగిన్నె నిండా నిమ్మచెక్కలు. కర్ర ముట్టుకునే ముందు ప్రతివాడూ చెక్కతో చేతులు రుద్దుకుని, కడుక్కుని, తుడుచుకుని లోపలికి రావాలి. చేపల జిగురు బల్ల మీది గుడ్డకు అంటితే గుడ్డ పాడైపోతుందట. గుడిలోకి వెళ్లేటప్పుడు కూడా మనవాళ్లు అంత శ్రద్ధగా కాళ్లు కడుక్కోరు.

మేం వెళ్లేసరికి ఒకావిడ గుమ్మంలో నిలబడి ఒక భారీ మనిషిని తమిళంలో దులిపేస్తోంది. చేతులు కడగకుండా లోపలికి వచ్చాడట. ఆవిడకు నలభై ఉంటాయేమో. జేబుల చొక్కా, మెడలో టైలర్ల టేపు. ఆ గిన్నె పెట్టించింది ఆవిడేనని తర్వాత తెలిసింది. మా ఇద్దరి మాటలు విని తిరిగి చూసింది.

“మీరు తెలుగా అన్నా? యాడ నుంచి వచ్చినారు?”

యానాం అన్నాను.

“నేనూ తెలుగుదాన్నే. ఆర్. కుముద. రెడ్డియార్‌పాళయంలో ఉండాము. ఎన్ని తరాలాయనో మాకే తెల్దు. ఇంట్లో అంతా తెలుగే, సదివేదానికి రాయిదానికి మాత్రం రాదు.”

నాకు నవ్వొచ్చింది. దాచుకోలేదు కూడా.

“ఏంది నవ్వేది?”

“ఏం లేదమ్మా, మీ తెలుగు కొంచెం వంకరగా ఉంది.”

“మీది నేరుగా ఉండాదా? మీరు మాట్లాడేది పాట పాడేట్ల ఉండాదే!” అంది. సత్తిబాబు పగలబడి నవ్వాడు. నేను మాత్రం తెలుగు ఎక్కడిది అసలు, ఎక్కడిది నకలు అని ఒక చిన్న ఉపన్యాసం ఇచ్చాను. ఆవిడ ఓపిగ్గా విని, “సరి అన్నా” అని ఆడటానికి వెళ్లిపోయింది.

ఆ మనిషి ఆడుతుంటే చూడాలి. కొట్టే ముందు అరచేత్తో గుడ్డను ఒక్కసారి తడుముతుంది. ఎందుకో తర్వాత అర్థమైంది. కుముదకు రెడ్డియార్‌పాళయంలో టైలరు కొట్టు ఉంది. జాకెట్లు, కర్టెన్లు కుడుతుంది. దాంతోపాటు ఊళ్లో ఉన్న పూల్ బల్లలన్నిటికీ గుడ్డ మార్చేది ఆవిడే. వాళ్ల నాన్న రామకృష్ణ రెడ్డియార్ ఆ పని చేసేవాడట. ఆయన పోయాక పని ఈవిడకు వచ్చింది. బల్ల మీద పరిచి ఉండే పలకరాయి పైన గుడ్డను ఎంత లాగాలో, ఎక్కడ వదలాలో ఆ చేతులకు తెలుసు. ఆ రోజు ఆడిన నాలుగు ఆటలూ నాలుగూ గెలిచింది.

నేనా రోజంతా ఆ మేడ మీద ఒక మూల కూర్చుని రూల్ పుస్తకం తిరగేశాను. నా చుట్టూ ఆడేవాళ్లందరూ నల్లబంతి కొట్టే ముందు ‘పక్కం’ అనో, ‘ఎదిర్’ అనో, ‘నడు’ అనో అరుస్తూనే ఉన్నారు. మా వైపు లాగా మూల, పక్క అని కాకుండా వాళ్లకు మూడు మాటలున్నాయి. అవేమిటని ఒక్కణ్ని అడిగినా సరిపోయేది. తమిళం మనకెందుకులే అనుకున్నాను.

ముందు తలుపు, వెనక గేటు

రెండో రోజు ఫైనల్ ఒకప్పుడు తెల్లవాళ్లు ఉండిన వీధుల్లో ఉన్న పాత క్లబ్బులో. పేరు రాయను. రాస్తే వాళ్లు దాన్ని కూడా గౌరవం అనుకుంటారు. ఎత్తయిన స్తంభాలు, వెల్ల వేసిన గోడలు, కాళ్లు జారే పాలిష్ నేల. ఆటహాల్లో రెండు బల్లలున్నాయి. ఒకటి ఫ్రెంచివాళ్ల కాలం నాటిది, దానికి పాకెట్లే లేవు. బంతిని బంతికి తగిలించడమే ఆట అట. ఇంత బల్ల పెట్టుకుని బంతి ఎక్కడా పడకపోతే ఏం సరదానో నాకు అర్థం కాలేదు. రెండోది మన పూల్ బల్ల, కొత్త గుడ్డ వేసి ఉంది.

“ఇది పోయిన వారం నేనే ఏసినా” అంది కుముద. అని బల్లకు రెండడుగుల దూరంలోనే ఆగింది.

ఎందుకాగిందని అడిగాను. ఆవిడ చెప్పింది విన్నాక నా చెవుల్లోంచి పొగలొచ్చాయి. ఆ క్లబ్బులో మెంబర్లు తప్ప ఎవరూ ఆడకూడదు. ఎవర్నైనా అతిథిగా తీసుకురావచ్చు గానీ ఆ ఊరివాళ్లు అతిథులుగా పనికిరారు. కుముద పదిహేనేళ్లుగా ఆ బల్లకు గుడ్డ మారుస్తోంది. గుడ్డ మూట నెత్తిన పెట్టుకుని వెనక గేటులోంచి వస్తుంది. పని అయ్యాక గుడ్డ సమంగా ఉందో లేదో చూడటానికి ఒక బంతిని దొర్లించాలి కదా. ఆ బంతిని కూడా ఆవిడ ముట్టుకోకూడదు. క్లబ్బు నౌకరు వచ్చి దొర్లిస్తాడు. ఈవిడ దూరంగా నిలబడి చూసి బాగుందో లేదో చెబుతుంది.

“మా నాయన ముప్పై ఏండ్లు ఏసినాడు. ఒగ దినం గూడా ఆడింది లేదు. ఆడాలని రొంబ ఆశ ఆయనకు. ఇంటికి వచ్చి చాప మీద గోలీలు పెట్టి మాకు ఆడి చూపించేవాడు.”

ఈ ఏడాది పోటీలో గెలిచినవారికి క్లబ్బు జీవితకాల సభ్యత్వం ఇస్తోంది. కుముద పోటీకి వచ్చింది దాని కోసమే. గెలిస్తే పదిహేనేళ్లుగా తను పరిచిన గుడ్డ మీద తనిష్టమొచ్చినప్పుడు ఆడుకోవచ్చు. ఓడితే మళ్లీ వెనక గేటు, నెత్తిన మూట.

ఫైనల్‌లో ఆవిడకు ఎదురు మా సత్తిబాబే. ఆ సభ్యత్వం నీకెందుకురా అని అడిగాను.

“నాకెందుకండీ? ఆదివారం ఆడుకోడానికి ఎనిమిదొందల కిలోమీటర్లు రానా? నాకు కప్పు కావాలండి, కొట్లో పెట్టుకోడానికి” అన్నాడు. అతని ఆశ అతనిది, తప్పు పట్టడానికి లేదు.

ఇంక రిఫరీ ఎవరనే ప్రశ్న వచ్చింది. యానాం ఆటగాడికి యానాం రిఫరీ ఉండకూడదని క్లబ్బు సెక్రటరీ కారైకాల్ నుంచి వచ్చిన తమిళాయన్ని పెట్టబోయాడు. ఇద్దరు ఆటగాళ్లూ ఒప్పుకుంటే ఎవరైనా ఉండొచ్చని రూల్. కుముదే అడ్డం పడింది.

“తెలుగాయనే ఉండనీండి. మేం ఇద్దరమూ తెలుగు, ఆయనా తెలుగు. ఈ బల్ల కాడ తెలుగులో ఒగ ఆట జరగనీ” అంది.

నేను కాలరు సర్దుకున్నాను. “ఇద్దరూ మనవాళ్లే, మాకు మధ్యలో దుబాసీ అక్కర్లేదు” అని సెక్రటరీతో గట్టిగానే చెప్పాను.

నల్లబంతి

తొమ్మిది గేముల్లో ముందు ఐదు గెలిచినవారిది కప్పు. నాలుగూ నాలుగూ అయ్యాయి. హాలు కిక్కిరిసిపోయింది. తేంగాయితిట్టు పడవలవాళ్లు ఆ రోజు మాత్రం ముందు తలుపులోంచే వచ్చారు, పోటీ రోజు కాబట్టి. ఉతికిన చొక్కాలు వేసుకుని గోడల వెంబడి నిలబడ్డారు. తొమ్మిదో గేమ్‌లో కుముద తన బంతులన్నీ ఒక్క ఊపులో వేసేసింది. నల్లబంతి మిగిలింది. అది పొడుగు అంచును ఆనుకుని, మధ్య పాకెట్‌కూ మూల పాకెట్‌కూ నడుమ ఉంది. ఎటైనా వెయ్యొచ్చు. ఆవిడ ఆ మూల దగ్గరే నిలబడి ఉంది. అరచేత్తో గుడ్డ తడిమింది. నా వైపు చూసి, నాకోసమే తెలుగులో, “పక్కదాంట్లో” అంది.

సరేనన్నట్టు తలూపాను. ఆవిడ తెల్లబంతి వెనక్కి వెళ్లి వంగింది. కొట్టింది. నల్లబంతి అంచు వెంబడే నెమ్మదిగా దొర్లుకుంటూ పోయి, ఇందాక ఆవిడ నిలబడ్డ మూల పాకెట్‌లో పడింది. హాలు దద్దరిల్లింది. ఎవరో ఈల వేశారు. కుముద రెండు చేతులతో ముఖం మూసుకుంది.

నేను చెయ్యి ఎత్తాను. “తప్పు. గేమ్ సత్తిబాబుది.”

“ఏంది తప్పు? పక్కదాంట్లో అన్నాను. పక్కదాంట్లోనే ఏసినాను కదన్నా?”

“పక్కది ఇదమ్మా” అని మధ్య పాకెట్ మీద చెయ్యి వేశాను.

“అది నడూది! అది పక్కదెట్లవుతుంది?”

“రూల్ పుస్తకంలో దీన్నే పక్కది అంటారు.”

“పుస్తకం యాడ మాట్లాడింది? మాట్లాడింది నేను కదా! పక్కదంటే…”

“ఇంక మాటలొద్దు. రిఫరీ మాటే ఆఖరు” అని అరిచాను. బడి గ్రౌండులో అరిచినట్టే అరిచాను. ఆవిడ నోట్లో మాట నోట్లోనే ఆగిపోయింది. చుట్టూ కేకలు మొదలయ్యాయి. తమిళం రాకపోయినా ‘యానాం’ అనే మాటా, ‘తిరుడన్’ అనే మాటా నాకు బాగానే అర్థమయ్యాయి. సత్తిబాబు కప్పు పట్టుకుని ఫోటోకి నవ్వడానికి ప్రయత్నించి మానేశాడు. కుముద కర్ర సంచిలో పెట్టుకుని ఎవరి ముఖమూ చూడకుండా వెళ్లిపోయింది.

న్యాయం చేసినవాణ్ని పట్టుకుని దొంగ అంటారా అని ఆ సాయంత్రమంతా లాడ్జి గదిలో పళ్లు కొరికాను. అన్నం కూడా సయించలేదు. చక్కటి చేపల పులుసు, నూట అరవై పోసి కొన్నది, అలాగే వదిలేశాను.

రెడ్డియార్‌పాళయం

మర్నాడు పొద్దున్నే రూల్ పుస్తకం చంకలో పెట్టుకుని రెడ్డియార్‌పాళయం బయల్దేరాను. క్షమాపణకు కాదు. తప్పు ఆవిడదేనని పేజీ తీసి చూపించి, నా పేరు కడుక్కుందామని. బస్సులో కూర్చుని ఏమేం చెప్పాలో వరసగా అనుకున్నాను కూడా.

కొట్టు ముందు భాగంలో ఉంది, ఇల్లు వెనక. వసారాలో నవారు మంచం మీద ఒక ముసలావిడ వక్క కత్తిరిస్తోంది. కుముద వాళ్లమ్మ. చప్పుడు విని తలెత్తింది.

“ఎవురు నాయనా? పక్కనికి రా.”

వెలుతురుకు అడ్డంగా ఉన్నానేమో అనుకుని రెండడుగులు పక్కకు జరిగాను.

“పక్కనికి రా నాయనా.”

ఇంకో రెండడుగులు జరిగాను. అక్కడ నీళ్ల డ్రమ్ము ఉంది, దానికి తగులుకున్నాను.

“ఏందప్పా ఈ బిడ్డ, రమ్మంటే దూరం దూరం పోతా ఉండాడు!” అని ముసలావిడ విసుక్కుంది.

లోపల మిషను చప్పుడు ఆగింది. కుముద గుమ్మంలోకి వచ్చింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. నన్ను చూసి ముఖం గట్టిపడింది గానీ, ఇంటికొచ్చిన మనిషిని కదా, మర్యాద తప్పలేదు.

“పక్కనికి అంటే కిట్టకు అన్నా. మా యమ్మకు కండ్లు సరిగా తెలవవు. దగ్గిరికి రమ్మంటా ఉండాది.”

నేనా డ్రమ్ము దగ్గరే నిలబడిపోయాను. పక్క అంటే దగ్గర. పక్కది అంటే దగ్గరున్నది. ఆవిడ మూల దగ్గర నిలబడి, తన దగ్గరున్న పాకెట్ పేరు చెప్పి, అందులోనే వేసింది. పక్కం, ఎదిర్, నడు. దగ్గరది, ఎదురుగా ఉన్నది, మధ్యది. ఒక రోజంతా నా చెవుల్లో మోగిన మాటలే.

పోనీ ఆవిడది వంకర తెలుగు అనుకుందామా? నేను పక్కూరు అనను? పక్కిల్లు అనను? కాకినాడ మా పక్కనే అని రోజుకు పదిమందికి చెప్పనూ? ఆ మాటకు ఆ అర్థం నా నోట్లోనూ ఉంది. ఆ ఒక్క క్షణం నా బుర్రలో ఇంగ్లీషు పుస్తకం తప్ప ఇంకేమీ లేదు. ఏ పాకెట్టమ్మా అని ఒక్క ముక్క అడగాల్సింది. రిఫరీ చెయ్యాల్సిన మొదటి పని అదే, పుస్తకంలో అదీ రాసి ఉంది. అడిగితే తెలుగు రానివాడినవుతానని అడగలేదు.

కుముదకు ఏం చెప్పానో సరిగా గుర్తులేదు. తప్పు నాదన్నాను. ఆవిడ “తెలుసు” అంది. ముసలావిడ మాత్రం ఏమీ తెలియక, వచ్చిన చుట్టానికి పెట్టమని రాగిసంగటి, వంకాయ పులుసు పెట్టించింది. ఆ ఇంట్లో చాప మీద కూర్చుని తిన్నాను.

కాగితం

అక్కణ్నుంచి నేరుగా క్లబ్బుకు వెళ్లాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. సెక్రటరీ ఇస్త్రీ మడత నలగని మనిషి. ఇంగ్లీషులో చల్లగా మాట్లాడాడు. రిఫరీ తీర్పు మీద అప్పీలు లేదన్నాడు. ఆ తీర్పు ఇచ్చింది నేనే, తప్పని చెబుతున్నది కూడా నేనేనని అరిచాను. నీళ్లు తాగమన్నాడు. తాగకుండా అరిచాను. అప్పుడు పోటీ నిబంధనల కాగితం తీసి ఒక వాక్యం మీద వేలు పెట్టాడు.

నాలుగు ప్రాంతాల పోటీ కాబట్టి, తమిళం, మలయాళం, తెలుగు మూడు భాషలవాళ్లు వస్తారు కాబట్టి, ఒకే ఒక్క వెసులుబాటు ఉంది. ఆటగాడు మాట్లాడే భాష రిఫరీకి రాదని రిఫరీ స్వయంగా రాసిస్తే, ఆ ఒక్క గేమ్ మళ్లీ ఆడించవచ్చు.

“కుముద మాట్లాడింది ఏ భాష?” అని అడిగాడు.

“తెలుగు.”

“మీకు తెలుగు వచ్చా?”

“వచ్చా ఏమిటి? నేను తెలుగువాణ్ని! పుట్టింది తెలుగు, పెరిగింది తెలుగు…”

“అయితే ఆవిడ చెప్పింది మీకు అర్థమైంది. తీర్పు సరైనదే” అన్నాడు, కాగితం మూసేస్తూ.

అంత ఒళ్లు మండటం నా జీవితంలో మళ్లీ ఉండదు. ఆ బల్ల ఎత్తి కుదేయాలనిపించింది. నా తప్పు ఒప్పుకోవడానికి వస్తే నా భాషనే వదులుకోమంటాడా? కానీ అతను చెప్పిన తర్కంలో తప్పు ఎక్కడుందో ఎంత వెతికినా దొరకలేదు.

రాశాను. ఇంగ్లీషులోనే రాశాను: రిఫరీకి తెలుగు రాదు, అందువల్ల క్రీడాకారిణి మాట అర్థం కాలేదు, ఆఖరి గేమ్ మళ్లీ ఆడించగలరు. కింద సంతకం చేశాను. నాకు సంతకం ఒక్క తెలుగులోనే వచ్చు. తెలుగు రాదని తెలుగులో సంతకం పెట్టినవాణ్ని ఈ దేశంలో నేనొక్కణ్నే అయ్యుంటాను. సెక్రటరీ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి ఫైల్లో పెట్టుకున్నాడు.

సత్తిబాబు ఒప్పుకోకపోతే ఇదంతా దండగే. లాడ్జిలో సామాను సర్దుకుంటున్నాడు. విషయం చెబితే కప్పును దుప్పటిలో చుట్టడం ఆపి నా వైపు చూశాడు.

“అదేటండి మాస్టారూ, మీ చెవి తప్పుకి నా కప్పు పోవాలేటండీ?”

దుప్పటి విప్పి కప్పును మంచం మీద పెట్టాడు. చివరికి తనే అన్నాడు.

“ఆడతానండి. దొంగ గెలుపని జనం అంటంటే దాన్ని యానాం దాకా మొయ్యలేనండి. కానీ ఒకటండి, వదిలేసి ఆడను. నా ఆట నేను ఆడతాను.”

“అలాగే ఆడరా” అన్నాను.

మళ్లీ ఒక గేమ్

అదే మధ్యాహ్నం మూడింటికి పెట్టారు. రిఫరీగా కారైకాల్ తమిళాయన. నన్ను చూసేవాళ్లలో కూర్చోబెట్టారు, ఆఖరి వరసలో. నిన్నటి జనంలో పావు వంతు కూడా లేరు. పడవలు వేటకు వెళ్లిపోయాయి.

కుముద వచ్చింది. అదే చొక్కా, అదే కర్ర. కానీ నిన్నటి మనిషి కాదు. రాత్రి నిద్ర లేదని ముఖమే చెబుతోంది. కొట్టే ముందు గుడ్డ తడమడం ఒకటి రెండుసార్లు మర్చిపోయింది. నాలుగు బంతులు వేసింది. ఐదోది, చిన్నపిల్లలైనా వేసేంత తేలికైన బంతి, పాకెట్ అంచుకు తగిలి ఆగిపోయింది. తర్వాత సత్తిబాబు బల్ల దగ్గరికి వెళ్లాడు. చెప్పినట్టే తన ఆట తాను ఆడాడు. ఒక్క బంతీ వదల్లేదు. నల్లబంతి దగ్గర కర్రతో పాకెట్‌ను తాకి చూపించి, నోటితోనూ చెప్పి, వేశాడు.

ఈసారి ఎవరూ దొంగ అనలేదు. కుముద వెళ్లి అతని చెయ్యి పట్టుకుని ఊపింది. సత్తిబాబు తల దించుకున్నాడు. సెక్రటరీ సభ్యత్వం కార్డు అతని చేతిలో పెట్టాడు. అతను దాన్ని చూడకుండానే జేబులో కుక్కుకున్నాడు. యానాంలో ఆ కార్డు దేనికి పనికొస్తుంది?

కుముద సంచి సర్దుకుని ముందు తలుపు వైపు నడిచింది. నౌకరు ఎదురొచ్చాడు. పాపం, అతనికీ ఇష్టం ఉన్నట్టు లేదు. పోటీ అయిపోయింది కదా అని తమిళంలో గొణిగి, చేత్తో వెనక గేటు వైపు చూపించాడు.

నాకు నిలువునా అంటుకుంది. లేచి నిలబడి హాలు అదిరేలా అరిచాను. ఏమయ్యా, మనుషులేనా మీరు, ఆ గుడ్డ వేసిన చేతులకు ఆ తలుపు తీసే అర్హత లేదా, ఇంకా ఏవేవో. నౌకరుకు ఒక్క ముక్క అర్థం కాలేదు. బెదిరిపోయి గోడకు ఆనుకున్నాడు.

కుముద వెనక్కి వచ్చింది. నా దగ్గరికంటా వచ్చి, గొంతు పెంచకుండా అంది.

“ఆ బిడ్డ మీద ఏమిటికి అరిచేదన్నా? ఈ దినం నేనే ఓడిపోయినా. అది నాది, నేను పెట్టుకుంటా. నిన్నటిది నాది కాదు. నిన్న మీరు అరవకుండా ఒగ మాట అడిగుంటే చాలు.”

చెప్పి, సంచి భుజాన వేసుకుని వెనక గేటు వైపు వెళ్లిపోయింది.